మొదటి ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారు కిట్ బిగించబోతున్నాం, ముందుగా ఏమేం తెచ్చిపెట్టుకోవాలి?

బైరాగిపట్టెడ_టీచర్

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. సింగపూర్‌లో ఉండే మా తమ్ముడు దీపావళికి వచ్చినప్పుడు మా పాపకు టమియా వాళ్ల టీటీ-02 కిట్ తెచ్చిచ్చాడు. రిమోట్ కారంటే సెల్లు వేస్తే పరిగెత్తేదనుకున్నాను. పెట్టె మూత తీస్తే చక్రాలు తప్ప కారులా కనిపించేది ఒక్కటీ లేదు. చట్రాలకు అతుక్కుని ఉన్న నల్ల ప్లాస్టిక్ ముక్కలు, ఏ, బీ, సీ, డీ అని అక్షరాలున్న స్క్రూల పొట్లాలు, రంగు వేయని గాజులాంటి బాడీ, బొమ్మల పుస్తకం ఒకటి.

పాప ఎనిమిదో తరగతి. ఇది చూసి భయపడుతుందేమో అనుకుంటే, "మామ మళ్లీ వచ్చేలోపల మనిద్దరమే బిగించేద్దామా" అని రోజూ అడుగుతోంది. నాకు కుట్టు మిషన్ విప్పి నూనె వేయడం వచ్చు, స్విచ్చి మార్చడం వచ్చు. అంతకుమించి అనుభవం లేదు.

మోటారు, స్పీడ్ కంట్రోలర్ పెట్టెలోనే ఉన్నాయి. రిమోటు, రిసీవరు, సర్వో (ముందు చక్రాలను పక్కకు తిప్పే చిన్న మోటారు), బ్యాటరీ, ఛార్జరు మేమే కొనుక్కోవాలి. స్ప్రే రంగులు విమానంలో తేనివ్వరని తమ్ముడు అక్కడే వదిలేశాడు.

పనిముట్లు ఏమేం కావాలి? మన ఊళ్లో ఏవి దొరుకుతాయి, ఏవి తెప్పించుకోవాలి? బ్యాటరీల్లో లైపో (లిథియం పాలిమర్) మంచిదా, నికెల్ మంచిదా? బాడీకి మామూలు కారు స్ప్రే కొట్టొచ్చా? ఇంట్లో ఒక స్టార్ స్క్రూడ్రైవర్ ఉంది. బజార్లో ఒక షాపులో అడిగితే "స్టార్ అంటే స్టారే మేడం, అన్నీ ఒకటే" అన్నారు. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెడదామని మా ఆలోచన.

కొర్లగుంట_మెకానిక్

అమ్మా, అన్నీ ఒకటి కాదు. ఇంకేం కొన్నా కొనకపోయినా ముందు స్క్రూడ్రైవర్ కొనండి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను టూ వీలర్ మెకానిక్‌ని. కొర్లగుంటలో షెడ్డు, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బండ్లు నా దగ్గరకు చాలా వస్తాయి. కార్బ్యురేటర్ అడుగు గిన్నె విప్పబోతే సగానికి సగం బండ్లలో ఆ స్క్రూల తలలు గుండ్రంగా అరిగిపోయి ఉంటాయి. ఎవరో ఎప్పుడో మామూలు స్టార్ పెట్టి బలంగా తిప్పిన ఫలితం అది. అవి జపాన్ కొలత స్క్రూలు, జేఐఎస్ అంటారు. మన బజార్లో దొరికే స్టార్ ఫిలిప్స్ కొలతది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఫిలిప్స్ మొన మూలలు కొంచెం గుండ్రం, జపాన్ స్క్రూ గాడిలో అడుగు దాకా దిగదు. గట్టిగా తిప్పేకొద్దీ పైకి లేచి జారుతుంది. జారిన ప్రతిసారీ గాడి అంచు కొంచెం కొరుక్కుపోతుంది. టమియా జపాన్ కంపెనీ. మీ పొట్లాల్లో ఉన్న స్టార్ గాడి స్క్రూలు ఈ రకానివే.

మూడేళ్ల కిందట మా వాడికి ఇదే టీటీ-02 కొన్నాను. షెడ్డులో చేతికందిన స్టార్‌తోనే మొదలుపెట్టాం. గేర్‌బాక్సు మూత దగ్గర ఒక స్క్రూ తల పోయింది. సగం లోపల, సగం బయట. దాన్ని తీయడానికి తల మీద హాక్సా బ్లేడుతో గాడి కోసి, మైనస్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా వెనక్కి తిప్పాల్సి వచ్చింది. ప్లాస్టిక్ మీద బ్లేడు గీత ఇప్పటికీ ఉంది. మా వాడు పక్కనే కూర్చుని చూస్తున్నాడు, పాపం ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే వెసెల్ వాళ్ల జేఐఎస్ స్క్రూడ్రైవర్లు రెండు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాను. ప్లస్ 2 ఒకటి, ప్లస్ 1 ఒకటి. మూడు మిల్లీమీటర్ల స్క్రూలకు 2, అంతకన్నా సన్నవాటికి 1. కార్లో ఎక్కువ భాగం 2తోనే అయిపోతుంది. ఇప్పుడు నా షెడ్డులో కార్బ్యురేటర్ పనికి కూడా అవే వాడుతున్నాను.

ఇక తిప్పడం సంగతి. ఈ స్క్రూలు చాలావరకు టాపింగ్ స్క్రూలు. ప్లాస్టిక్ రంధ్రంలో ముందుగా మర ఉండదు, స్క్రూనే లోపలికి దిగుతూ మర కోసుకుంటుంది. అందుకని మొదటిసారి చాలా బిగువుగా ఉంటుంది, పాప అరచెయ్యి ఎర్రబడుతుంది. స్క్రూ మొనను కొవ్వొత్తికి ఒకసారి రాసి పెట్టండి, చాలా తేలిగ్గా దిగుతుంది. స్క్రూడ్రైవర్ నిటారుగా ఉండాలి. తిప్పే బలం కంటే కిందికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి. రెండు చుట్లు ముందుకు, అర చుట్టు వెనక్కు, ఇలా పోనివ్వండి. స్క్రూ తల ప్లాస్టిక్‌ను తాకగానే అప్పటిదాకా సమంగా ఉన్న బిగువు ఒక్కసారి పెరుగుతుంది. చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఆగిపోవాలి. ఇంకో పావు చుట్టు తిప్పుదామనిపిస్తుంది, వద్దు. ఆ పావు చుట్టులోనే లోపలి మర తెగుతుంది. తెగాక స్క్రూ ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంటుంది.

ఒకసారి బిగించినదాన్ని విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. స్క్రూను రంధ్రంలో పెట్టి ముందు ఎడమకు తిప్పండి. ఒక చోట "టిక్" మని కొద్దిగా కిందికి దిగుతుంది. పాత మర మొదలు అక్కడ దొరికినట్టు. అక్కణ్ణించి కుడికి తిప్పితే పాత దారిలోనే పోతుంది. ఇది చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసి, నాలుగైదు సార్లకు రంధ్రం వదులైపోతుంది. ఈ కారును మీరు చాలాసార్లు విప్పుతారు. కాబట్టి పాపకు మొదటిరోజే ఈ "టిక్" వినడం నేర్పండి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు నేను మొదట నేర్పేది ఇదే.

మిగతా సామానులో సగం మీ ఇంట్లోనే ఉంది. ముక్కలను చట్రం నుంచి కోయడానికి సన్న మొన కట్టర్ ఒకటి తీసుకోండి, ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుల్లో వైర్లు కోసేది ఉంటుంది. ముందు ముక్కకు దూరంగా ఒకసారి కోసి, మిగిలిన తొడిమను దగ్గరగా రెండోసారి కోయాలి. ఒకే దెబ్బకు దగ్గరగా కోస్తే ప్లాస్టిక్ తెల్లబడి లోపలికి చీలుతుంది. మిగిలిన బుడిపెను సన్న ఉప్పు కాగితంతో రుద్దేయండి. ముఖ్యంగా చక్రాలను పట్టుకునే చేతులు (సస్పెన్షన్ ఆర్మ్‌లు) ఊగే చోట బుడిపె ఉండకూడదు. చెయ్యి దాని బరువుకు అదే కిందికి వాలాలి, పట్టేయకూడదు.

ముక్కలన్నీ ముందే కోసి కుప్ప పోయకండి. నంబర్లు ముక్కల మీద కాదు, చట్రం మీద ఉంటాయి. కోసేశాక ఏది ఏదో తెలియదు. ఏ మెట్టుకు కావలసినవి ఆ మెట్టులోనే కోసుకోండి. పొట్లాలు కూడా అంతే, పుస్తకం ఏ పొట్లం విప్పమంటే అదొక్కటే.

స్క్రూలకు మా ఇంట్లో ఇడ్లీ రేకు వాడాం. ఒక్కో గుంటలో ఒక్కో సైజు. పుస్తకంలో స్క్రూలను అసలు సైజులోనే గీశారు, అనుమానం వచ్చినప్పుడల్లా స్క్రూను ఆ బొమ్మ మీద పడుకోబెట్టి చూడండి. ఎనిమిది మిల్లీమీటర్లదీ పది మిల్లీమీటర్లదీ కళ్లతో తేడా తెలియదు. పొట్టి రంధ్రంలో పొడుగుది పెడితే అవతల పగులుతుంది. కింద పడినవాటిని వెతకడానికి పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి పెట్టుకోండి.

మోటారు ఇరుసుకు పినియన్ (చిన్న పళ్ల చక్రం) బిగించేటప్పుడు తొందరపడకండి. ఇరుసు మీద ఒక పక్క చదునుగా ఉంటుంది. పినియన్‌లోని చిన్న ఎలన్ స్క్రూ సరిగ్గా ఆ చదును మీద కూర్చోవాలి. గుండ్రం మీద కూర్చుంటే రెండు రోజులకు జారుతుంది, మోటారు తిరుగుతుంది గానీ కారు కదలదు. ఇక్కడ నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. లోహంలోకి లోహం పోయే చోట మాత్రమే వేయాలి. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూకు వేశారంటే ఆ ప్లాస్టిక్ పెళుసై పగులుతుంది.

చివరగా బేరింగులు. కిట్‌లో చాలా చోట్ల ప్లాస్టిక్ బుష్‌లు ఇస్తారు. వాటి బదులు బాల్ బేరింగులు వేసుకోండి. 1150 అని అడగాలి, అంటే బయట 11 మిల్లీమీటర్లు, లోపల 5. ఎన్ని కావాలో పుస్తకంలో లెక్కపెట్టుకుని ముందే తెప్పించండి. బిగించాక మార్చాలంటే కారంతా మళ్లీ విప్పాలి. మన ఎర్రమట్టి దుమ్ములో ప్లాస్టిక్ బుష్ తొందరగా అరిగి చక్రం ఊగుతుంది. స్పీడు పార్టులూ రంగు రంగుల అల్యూమినియం పార్టులూ ఇప్పుడేమీ వద్దు. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక సెట్టు బేరింగులు, అంతే.

చిత్తూరు_స్టిక్కర్స్

అక్కా, మాది చిత్తూరు. నంబరు ప్లేట్లకు, ఆటోలకు రేడియం స్టిక్కర్లు వేసే షాపు నాది. ఆర్‌సీ బాడీలు నాలుగు చేశాను. మెకానిక్ అన్న లోపలి పనంతా చెప్పాడు, నేను పైతొడుగు గురించి చెప్తాను.

కారు స్ప్రే కొట్టొద్దు. ఆ బాడీ పాలీకార్బొనేట్. గోడకు తగిలినా వంగి మళ్లీ నిలబడేలా చేస్తారు. మామూలు రంగు దాంతో పాటు వంగలేదు, మొదటి దెబ్బకే పొరలు పొరలుగా ఊడుతుంది. పాలీకార్బొనేట్‌కని విడిగా రంగులుంటాయి, టమియాలో పీఎస్ అని మొదలయ్యే నంబర్లు. టీఎస్ అని ఉన్నవి వేరే ప్లాస్టిక్‌కు, అవి తీసుకోకండి. డబ్బా మీద ఈ రెండక్షరాలూ చూసి కొనండి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

రంగు బయట కాదు, లోపలి వైపు వేయాలి. అప్పుడు బయట గీతలు పడినా రంగు పోదు. అందుకే మొదట వేసిన పొరే పైకి కనిపిస్తుంది. ముదురు రంగులు ముందు, లేత రంగులు తరువాత. ఎరుపు మీదా పసుపు మీదా చివర్లో తెలుపు ఒక పొర వేస్తే రంగు నిండుగా కనిపిస్తుంది, లేకపోతే వెలుతురులో పలచగా ఉంటుంది.

ముందు బాడీ లోపల గిన్నెలు తోమే సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. తరువాత లోపల వేలు పెట్టకండి, వేలి జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. కిటికీలకు కిట్‌లో వచ్చే మాస్కులు లోపలి వైపు అంటించి, అంచులను గోరుతో బాగా రుద్దండి. బయట సన్నని రక్షణ పొర ఒకటి ఉంటుంది, పని మొత్తం అయ్యేదాకా దాన్ని తీయకూడదు. రంగు పలచగా నాలుగైదు సార్లు కొట్టండి, ప్రతిసారీ ఆరనిచ్చి. ఒకేసారి నిండుగా కొడితే మాస్కు కిందికి కారిపోతుంది. డబ్బాను కొట్టబోయే ముందు గోరువెచ్చని నీళ్లలో కాసేపు పెడితే తుంపర సన్నగా వస్తుంది. గోరువెచ్చనే, వేడి నీళ్లు కాదు, పొయ్యి దగ్గర అసలే వద్దు.

ఇప్పుడు మన వైపు ముసురు రోజులు. గాల్లో తేమ ఉన్నప్పుడు కొడితే రంగు మీద పాలపొరలా తెల్లగా కమ్ముతుంది. తుపాను గాలి పోయి రెండు రోజులు ఎండ కాసేదాకా ఆగండి. మిద్దె మీద, ముక్కుకు మాస్కు వేసుకుని, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి కొట్టాలి.

స్టిక్కర్లు నా పని కాబట్టి ఒక్క కిటుకు చెప్తాను. స్ప్రే సీసాలో నీళ్లు పోసి రెండు చుక్కలు షాంపూ కలపండి. రంగు ఆరాక, పై పొర తీసేశాక, బాడీ బయట ఆ నీళ్లు చల్లి దాని మీద స్టిక్కరు పెట్టండి. వెంటనే అతుక్కోదు, వేలితో జరుపుకుంటూ సరైన చోట కూర్చోబెట్టొచ్చు. తరువాత పాత ఏటీఎం కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టి మధ్య నుంచి అంచులకు నీళ్లు నెట్టేయండి. వంపు దగ్గర ముడత పడితే హెయిర్ డ్రయ్యర్ గాలి కొంచెం చూపించి నొక్కండి. లారీ క్యాబిన్ మీద పెద్ద పేరు వేసేటప్పుడు మేం చేసేది ఇదే. పాపకు పేరు సొంతంగా వేయించాలనుంటే సైజు చెప్పండి, కోసి పోస్టులో పంపిస్తాను. డబ్బులొద్దు.

హాస్టల్_వైర్లు

మేడం, నేను యూనివర్సిటీలో ఈసీఈ మూడో సంవత్సరం. కరెంటు వైపు నేను చెప్తాను.

మొదటి కారుకు నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ తీసుకోండి. 7.2 వోల్టులు, 3000 ఎంఏహెచ్ దగ్గర్లో ఉన్నది చాలు. స్పీడ్ కొంచెం తక్కువే, కానీ పొరపాట్లను తట్టుకుంటుంది. లైపో బాగా పరిగెత్తిస్తుంది గానీ దానికి నియమాలెక్కువ. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3 వోల్టుల కంటే దిగకూడదు, సెల్లులన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ ఉండాలి, వాడనప్పుడు సెల్‌కు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బితే ఇక వాడకూడదు. ఛార్జింగ్ పెట్టి వదిలేసి బయటికి వెళ్లకూడదు. పాప ఇవన్నీ గుర్తుపెట్టుకోగలిగినప్పుడు లైపోకు మారండి. అప్పుడు మీ స్పీడ్ కంట్రోలర్‌లో లైపో కటాఫ్ (బ్యాటరీ మరీ దిగకముందే ఆపేది) ఉందో లేదో చూసి, ఆ సెట్టింగ్ పెట్టడం మరిచిపోవద్దు. ఛార్జరు ఇప్పుడే రెండు రకాలకూ పనికొచ్చేది కొంటే మళ్లీ ఖర్చు ఉండదు. కానీ ఛార్జింగ్ పెట్టే ప్రతిసారీ అందులో బ్యాటరీ రకం సరిగ్గా ఎంచుకున్నామా లేదా చూడాలి. నికెల్ బ్యాటరీని లైపో అని పెట్టినా, లైపోను నికెల్ అని పెట్టినా ప్రమాదమే.

రిమోటు 2.4 గిగాహెర్ట్జ్, రెండు ఛానళ్లది, తుపాకీ ఆకారంలో ఉండేది తీసుకోండి. సర్వో మామూలు సైజు. బిగించే ముందు ఒక ముఖ్యమైన పని ఉంది. రిసీవరుకు సర్వో తగిలించి, రిమోటు ఆన్ చేసి, ట్రిమ్ (మధ్య స్థానాన్ని సరిచేసేది) సున్నా మీద పెట్టి, సర్వో దానంతట అది మధ్యకు వచ్చాక, అప్పుడే దాని ఇరుసు మీద కూర్చునే చెయ్యి ముక్క బిగించాలి. ఇది చేయకుండా కారులో పెట్టేస్తే చక్రాలు ఒక పక్కకే ఎక్కువ తిరుగుతాయి. సర్వో ఇరుసు మీద పళ్ల సంఖ్య కంపెనీని బట్టి మారుతుంది, 23, 24, 25 ఇలా. కిట్‌లో వాటికి తగ్గట్టు రెండు మూడు రకాల ముక్కలిస్తారు. పట్టీపట్టనట్టు కూర్చునేది సరైనది కాదు.

ఆన్ చేసేటప్పుడు ముందు రిమోటు, తరువాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తరువాత రిమోటు. మొదటిసారి చక్రాలు గాల్లో ఉండేలా కారును పుస్తకాల మీద పెట్టి చూడండి.

కనెక్టర్లు, సిలికాన్ వైర్లు కావాలంటే పొద్దున రైలెక్కి చెన్నై పోతే రిచీ స్ట్రీట్‌లో అన్నీ ఉంటాయి. కానీ మీ మొదటి కారుకు అంత దూరం పోవాల్సిన పనిలేదు. బ్యాటరీకీ స్పీడ్ కంట్రోలర్‌కీ ఒకే రకం కనెక్టరు ఉందో లేదో చూసి ఆర్డరు పెడితే సోల్డరింగ్ అవసరమే రాదు.

బైరాగిపట్టెడ_టీచర్

అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుని, సామాను తెప్పించుకుని భోగి రోజు సాయంత్రం కూర్చున్నాం. మెకానిక్ అన్నయ్యా, ఆ స్క్రూడ్రైవర్ తేడా మొదటి స్క్రూకే తెలిసింది. స్క్రూను దాని మొనకు తగిలించి అడ్డంగా పట్టుకున్నా కింద పడలేదు. మా పాత స్టార్‌కు అదే స్క్రూ తగిలిస్తే లొటలొటలాడింది. రెండు స్క్రూలు బిగించాక పాప నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసేసుకుంది. విప్పి బిగించిన ప్రతిసారీ చెవి దగ్గర పెట్టుకుని "వచ్చింది, వచ్చింది" అంటోంది.

మూడు రోజులు బాగానే సాగింది. ఇప్పుడు ఒక టెన్షన్. నాలుగు చక్రాలూ పెట్టాం, మోటారు ఇంకా పెట్టలేదు. నేల మీద పెట్టి తోస్తే కారు కదలడం లేదు. బలంగా తోస్తే చక్రాలు జారుతున్నాయి గానీ తిరగడం లేదు. ఎత్తి పట్టుకుని ఏ చక్రం తిప్పినా తిరుగుతోంది. గ్రీజు తక్కువైందా? స్క్రూలు ఎక్కువ బిగించామా? రాత్రి పన్నెండు దాకా చూశాం. పాప ఏడవలేదు గానీ అన్నం సరిగా తినలేదు.

కొర్లగుంట_మెకానిక్

గ్రీజూ కాదు, బిగువూ కాదమ్మా. పాపను హాయిగా తినమనండి, ఏదీ పాడవలేదు. మీ డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు తిరిగే బలాన్ని పంచే గేర్ల సెట్టు, డిఫ్ అంటాం) ఒకటి అటుది ఇటు కూర్చుంది.

కారు మధ్యలో పొడుగ్గా ఉండే షాఫ్టు ముందు డిఫ్‌నూ వెనక డిఫ్‌నూ కలిపి తిప్పుతుంది. డిఫ్‌కు ఒక పక్క పెద్ద పళ్ల చక్రం ఉంటుంది. అది షాఫ్టు చివర ఉన్న చిన్న పళ్ల చక్రానికి కుడి పక్క ఉందా, ఎడమ పక్క ఉందా అన్నదాన్ని బట్టి చక్రాలు తిరిగే దిక్కు మారుతుంది. ఒకటి తిరగబడితే ముందు చక్రాలు ముందుకు, వెనక చక్రాలు వెనక్కు తిరుగుతాయి. నేల మీద పెడితే ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఎత్తి పట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

పరీక్ష ఇలా చేయండి. కారును ఎత్తి పట్టుకుని, షాఫ్టు వైపు ఉన్న పెద్ద స్పర్ గేరును వేలితో తిప్పండి. నాలుగు చక్రాలూ ఒకే వైపు తిరగాలి. తిరగకపోతే పుస్తకంలో డిఫ్ పెట్టే మెట్టు తెరిచి, పెద్ద పళ్ల చక్రం ఏ పక్క గీశారో చూసి, తప్పున్నదాన్ని తీసి తిప్పి పెట్టండి. రెండూ మార్చకండి, రెండూ మారిస్తే ఒకటి తప్పుగానే మిగులుతుంది. సరిగ్గా ఉన్నదాన్ని తిప్పి పెట్టినా రిమోటు ముందుకు నొక్కినప్పుడు కారు వెనక్కు పోతుంది. మూత స్క్రూలు మళ్లీ బిగించేటప్పుడు ఆ "టిక్" మరవొద్దు.

ఇది మొదటి కారుకు చాలామందికి జరిగేదే. మా వాడి కారుకూ జరిగింది. మేం షాఫ్టే వంకర పోయిందనుకుని మొత్తం విప్పేశాం.

బైరాగిపట్టెడ_టీచర్

వెనక డిఫ్! పాపే కనిపెట్టింది. మీ జవాబు చదివి వినిపించాను, పుస్తకం తిరగేసి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసి "అమ్మా, ఇది అద్దంలో బొమ్మలా పెట్టేశాం" అంది. ఏడు స్క్రూలు విప్పింది, ఏడూ తనే బిగించింది. ఒక్క తలా పోలేదు. నేల మీద పెట్టి వేలితో తోస్తే వంటింటి గడప దాకా వెళ్లింది.

ఈరోజు పొద్దున ఆరున్నరకు మా వీధి చివర సిమెంటు షటిల్ కోర్టులో మొదటిసారి నడిపాం. ఇసుక ఉంటే జారుతుందని ముందు కోర్టు చీపురుతో ఊడ్చాం. బాడీకి ఇంకా రంగు వేయలేదు, ముసురు పోయాక తెప్పించిన పీఎస్ ఎరుపు డబ్బా అలాగే ఉంది. అందుకని బాడీ లేకుండానే నడిపాం. సర్వో మధ్యకు తెచ్చి పెట్టడం వల్ల రెండు వైపులా సమంగా తిరుగుతోంది. పాలు పోయడానికి వచ్చినాయన బండి ఆపుకుని బ్యాటరీ అయ్యేదాకా చూశాడు.

మూడు చిన్న సందేహాలు. ఆపాక మోటారు ముట్టుకుంటే బాగా వేడిగా ఉంది, ఫరవాలేదా? సన్న దుమ్ము లోపలంతా చేరింది, ఎలా శుభ్రం చేయాలి? చిత్తూరు తమ్ముడూ, పాప తన పేరు వద్దంటోంది, వెనక వైపు "మామ" అని తెలుగులో కావాలట. నాలుగు సెంటీమీటర్ల పొడవు సరిపోతుందా?

హాస్టల్_వైర్లు

వేలు రెండు మూడు సెకన్లు పెట్టగలిగితే ఫరవాలేదు మేడం. పెట్టలేకపోతే మాత్రం పినియన్ పక్క ఏదో పట్టేస్తోందని చూడాలి. రెండో బ్యాటరీ కొన్నా వెంటవెంటనే వేయకండి, మధ్యలో పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. బ్యాటరీని కూడా వేడి తగ్గాకే ఛార్జింగ్ పెట్టాలి. ఎండాకాలంలో పొద్దున తప్ప నడపొద్దు, బ్యాటరీని స్కూటర్ డిక్కీలో వదిలేయొద్దు.

కొర్లగుంట_మెకానిక్

దుమ్ముకు నీళ్లు వాడొద్దమ్మా. అంగుళం వెడల్పు పెయింటు బ్రష్ కొత్తది ఒకటి కారుకనే ఉంచండి, దాంతో దులిపితే చాలు. మూలల్లో సైకిల్ పంపు గాలి కొట్టండి. మొదటి రెండు మూడు సార్లు నడిపాక చక్రాల నట్లు, మోటారు స్క్రూలు ఒకసారి పట్టి చూడండి, కొత్తలో వదులవుతాయి. వదులైతే బిగించడమే, అదనంగా ఏమీ వద్దు. ఆ పని పాపకే ఇవ్వండి.

చిత్తూరు_స్టిక్కర్స్

నాలుగు సెంటీమీటర్లు సరిపోతుందక్కా. ఎరుపు మీద తెలుపు అక్షరాలు బాగా కనిపిస్తాయి. రెండు కోసి పంపిస్తాను, ఒకటి అంటించడం అలవాటు చేసుకోవడానికి. ఎరుపు కొట్టాక వెనక తెలుపు పొర మరిచిపోవద్దు.